మెల్లగా కొట్టిన దెబ్బలు

“ఆ దెబ్బలకి మన గోడ కూలిందంటే ఎవరిది పూచీ?”

పక్క ఖాళీ స్థలంలో ఇంకా ఒక్క దెబ్బా పడలేదు. మూడు కాళ్ల ఇనుప స్టాండును లారీ మీంచి దింపుతున్నారంతే. పెరటి గోడ దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఇంటావిడ ఆ మాట అంది.

“కూలకముందే ఏడుపెందుకే? కూలాక తీరిగ్గా ఏడుద్దాం,” అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఆవిడకి ‘సైరన్’ అని పేరు పెట్టింది ఆయనే. రెండేళ్ల కిందట భూమి కాస్త కదిలి అలమరలో గ్లాసులు గలగలమన్నప్పుడు ఆవిడ చేతిలో కుక్కర్ మూతతో వీధిలోకి పరుగెత్తింది. ఆ మూత కథ తెలియని చుట్టం లేడు.

పక్క స్థలంలో ఆసుపత్రి కట్టబోతున్నారు. దాని పునాది కోసం మట్టిని పరీక్షించే పని కూతురు ఉద్యోగం చేసే కంపెనీకే వచ్చింది. అలా గోడకి అవతల హెల్మెట్ పెట్టుకుని కూతురు, ఇవతల చీపురుతో తల్లి.

ఇవతల కూడా ఒక కట్టడం మిగిలే ఉంది. మిద్దె మీద నాలుగు మూలలా స్తంభాల ఊచలు తుప్పు పట్టి ఎప్పటినుంచో పైకి చూస్తున్నాయి. ఆ ఏడు మరో అంతస్తు వేయాలనీ, ఊరి అవతలి కొసన అద్దెకుంటున్న కొడుకూ కోడలూ అందులోకి రావాలనీ ఖాయమైంది. కొడుకు ఫోను ఎత్తనప్పుడల్లా ఆవిడ పై ప్రాణాలు పైనే పోయేవి. నెత్తి మీద వాళ్ల అడుగుల చప్పుడు వినబడితే కంటినిండా నిద్ర పడుతుందని ఆవిడ ఆశ.

పరీక్ష చూడడానికి తేలికగానే ఉంటుంది. బోరులోకి దింపిన గొట్టం మీదికి మనిషంత బరువున్న ఇనుప దిమ్మను తాడుతో ప్రతిసారీ ఒకే ఎత్తుకి లాగి వదులుతారు. గొట్టం ఒక అడుగు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. ఎక్కువ పడితే గట్టి నేల, తక్కువ పడితే వదులు నేల.

మొదటి దెబ్బకే వంటింట్లో గిన్నెలు మోగాయి. తల్లి కాసేపు ఓర్చుకుంది. కూతురు అవతలి మూలన, తీసిన మట్టిని సంచుల్లో కట్టిస్తున్న సమయం చూసి గోడ మీంచి తొంగి చూసింది.

“బాబూ, కాస్త మెల్లగా కొట్టు నాయనా. మావి పాత గోడలు.”

డ్రిల్లింగు మేస్త్రీ మొహమాటస్థుడు. “అలాగేనమ్మా,” అని దిమ్మను సగం దాకానే లేపడం మొదలుపెట్టాడు. చప్పుడు తగ్గింది. ఆవిడ సంతోషించి గోడ మీంచి టీ గ్లాసు కూడా అందించింది.

కూతురు వచ్చి లెక్క చూసి మొహం చిట్లించింది.

“ఇదేంటి మేస్త్రీ? ఇందాకటి దాకా వట్టి ఇసుక. ఉన్నట్టుండి ఇంత గట్టిపడిందేం?”

మేస్త్రీ టీ గ్లాసు వైపు, తర్వాత గోడ వైపు చూశాడు. “అమ్మగారు మెల్లగా కొట్టమన్నారండీ.”

కూతురు గోడ దగ్గరికొచ్చింది. “అమ్మా, దిమ్మను సగమే లేపితే గొట్టం సరిగ్గా దిగదు. దెబ్బలు ఎక్కువ పడతాయి. కాగితం మీద ఆ నేల రాయిలా కనబడుతుంది. అది నమ్మి పునాది తగ్గించి కడితే? లోపలుండేది లేవలేని రోగులు.”

“నేను గోడ కోసమేగా అన్నాను…”

“గోడ కోసమే అన్నావు. మట్టి చేత అబద్ధం చెప్పించావు.”

ఆ లెక్క కొట్టేసి, పక్కనే ఇంకో బోరు దించి, అదే లోతులో మళ్లీ కొట్టించారు. ఈసారి గొట్టం వెన్నలోకి దిగినట్టు దిగింది.

సాయంత్రం కూతురు చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేసరికి తల్లి తువ్వాలుతో సిద్ధంగా ఉంది.

“ఏముందే కింద?”

“నీళ్లలో నానుతున్న వదులు ఇసుక. భూమి గట్టిగా ఊగిందంటే బురదలా జారిపోతుంది. ఆసుపత్రికి ఫరవాలేదు. ముందే తెలిసింది కాబట్టి కింది గట్టి పొర దాకా స్తంభాలు దింపుతారు.”

“మరి గోడకి ఇవతల?”

“ఇవతల సైరనుందిగా, ఊగకముందే మోగుతుంది,” అన్నాడు తండ్రి. ఎవరూ నవ్వలేదు. ఆయనే పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“గోడ మనం కట్టుకున్నది నాన్నా, ఇసుకకి దాంతో పనేముంది? ఇవతలా అదే ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు. కొడితేనే తెలుస్తుంది. రేపు పొద్దున్న స్టాండు విప్పేస్తారు. ఆలోపల మన పెరట్లో ఒక బోరు వేస్తానన్నాడు మేస్త్రీ. వేయించనా అమ్మా?”

“వేస్తే?”

“ఇక్కడా అదే ఇసుకైతే పైన అంతస్తు వేయకూడదు. ఉన్న ఇంటి సంగతి కూడా ఆలోచించాలి.”

 ఇన్నాళ్లూ తల్లి భయాలకి ఒక ఆసరా ఉండేది. భర్త వాటిని నవ్వి కొట్టిపారేసేవాడు. పైకి విసుక్కున్నా లోలోపల ఆ నవ్వునే తలకింద పెట్టుకుని పడుకునేది. ఈ దిమ్మ నవ్వేది కాదు.

“ఏమంటావే?” అన్నాడు భర్త. ఆవిడ భయం గురించి ఆయన వేళాకోళం లేకుండా అడగడం అదే మొదలు.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది. అన్నాలు పెట్టింది, గిన్నెలు కడిగింది.  ఎవరూ రెట్టించలేదు.

పొద్దున్నే కూతురు గుమ్మంలో నిలబడి, “అమ్మా, విప్పడానికి వాళ్లు వచ్చేశారు,” అంది.

తల్లి పెరట్లోకి వెళ్లింది. ఇంకా తడిగానే ఉన్న బట్టలు తీగ మీంచి ఒక్కొక్కటే లాగి భుజాన వేసుకుంది. తీగ ఒక కొస విప్పింది. రెండో కొస భర్త వచ్చి విప్పాడు. నీళ్ల డ్రమ్మును ఇద్దరూ కలిసి గోడ వారకు జరిపారు. మధ్యలో మూడు కాళ్లు నిలబడేంత చోటు ఖాళీ అయింది.

అవతలినుంచి మేస్త్రీ అంతా చూశాడు. ఎందుకైనా మంచిదని అడిగాడు.

“అమ్మగారూ, ఇక్కడా మెల్లగానే కొట్టాలా?”

ఆవిడ తల ఎత్తి మిద్దె మీది ఊచల వైపు చూసింది. తడి బట్టల నీళ్లు మోచేతి మీంచి కారుతూనే ఉన్నాయి. కూతురు కదల్లేదు. మేస్త్రీ తాడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“వద్దు నాయనా,” అంది చివరికి. “పూర్తిగా ఎత్తి వదులు.”