ఇసుక పోసిన కుక్కర్

నేను ఒక ప్రెషర్ కుక్కర్‌ని. ఐదు లీటర్ల దాన్ని. అల్యూమినియం ఒళ్లు, ఎడమ పక్క కాస్త సొట్ట. సామర్లకోట స్టేషను వెనక వీధిలో వరహాలమ్మగారి వంటింట్లో ఉంటాను. నాకు గొప్పలు చెప్పుకోవడం ఇష్టం కాబట్టి నా గొంతు సంగతి ముందే చెప్పేస్తున్నాను. నేను విజిల్ వేస్తే నాలుగిళ్ల అవతలికి వినిపిస్తుంది.

ఫ్యాక్టరీలో గుండ్రటి రేకును ఒక పెద్ద మిషను గట్టిగా నొక్కితే నేనయ్యాను. నన్ను మొదట కొన్నది బాపిరాజు అనే రైల్వే బుకింగ్ క్లర్కు. పెళ్లికాని మనిషి, నేనంటే మహా భయం. నన్ను పొయ్యి మీద పెట్టి, తను వీధిలోకి పోయి నిలబడేవాడు. ఈలోగా పప్పు మాడేది, ఆయన హోటలుకు వెళ్లేవాడు. బదిలీ అయినప్పుడు నన్ను ఇంటి ఓనరు వరహాలమ్మగారికి ఇచ్చేసి, పీడ వదిలినట్టు వెళ్లిపోయాడు.

"ఇది పేలిపోద్దంట కదా బాబూ?" అని ఆవిడ ఆయన్ని రెండుసార్లు అడిగింది. అయినా తీసుకుంది. ఊరికే వస్తే ఎవరు కాదంటారు?

నెల తిరిగేసరికి నేను ఆవిడకి లొంగిపోయానో, ఆవిడ నాకు లొంగిపోయిందో తెలీదు గానీ, వీధి మొత్తం మా మాట మీద నడిచేది. "వరహాలమ్మగారింట్లో విజిలొచ్చింది, ఇంకా జడ వేసుకోలేదా?" అని తల్లులు పిల్లల్ని తరిమేవాళ్లు. మనుషుల్లో నాకు వింతగా తోచేది ఒకటే. దేన్నైనా కళ్లతో చూస్తే గానీ నమ్మరు, నా విషయంలో మాత్రం చెవులే వాళ్లకి దిక్కు. పోనీ సరిగ్గా లెక్కపెడతారా అంటే అదీ లేదు. రెండు వచ్చాయా మూడు వచ్చాయా అని అత్తాకోడళ్లు రోజూ వాదించుకునేవాళ్లు.

ఆ తగువు తీర్చేది పక్క వాటాలో ఉండే నూరీ. మెహరున్నీసా కూతురు, ఆరేళ్లది. పుట్టినప్పటినుంచీ ఆ పిల్లకి చెవులు సరిగ్గా వినిపించవు. మా వంటింట్లోకి వచ్చి, అరచెయ్యి వంటగట్టు మీద ఆనించి, నా నెత్తిమీది బరువు కేసి కన్నార్పకుండా చూసేది. అది లేచినప్పుడల్లా ఒక వేలు ఎత్తేది. వరహాలమ్మగారు ఆ వేళ్లు చూసి స్టవ్వు ఆపేవారు. నా గొంతు ఒక్కసారి కూడా వినని పిల్ల ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. నిజం చెబుతున్నాను, ఆ పిల్లంటే నాకు ప్రాణం.

తరవాత కోడలు పద్మజ స్టీలు కుక్కర్ కొనుక్కొచ్చింది. నన్ను అటకెక్కించారు. కొత్తదాని విజిల్ పిల్లి తుమ్మినట్టుంటుంది. నాకు అసూయ అనుకుంటారేమో, అవును, అసూయే.

అటక మీద ఉండగానే కేకుల పోటీ సంగతి విన్నాను. నూరీ చదివే బడిలోనే పద్మజ కూతురు సింధూర తొమ్మిదో తరగతి. చెవికి మిషను పెడితే నూరీకి వినిపిస్తుందని, ఎంత తొందరగా పెడితే అంత మంచిదని డాక్టరు చెప్పాడు. బట్టలు కుట్టి ఇల్లు నడిపే మెహరున్నీసాకి అది అందే వస్తువు కాదు. అందుకని టీచర్లు పోటీ పెట్టారు. తరగతికో కేకు. మంచిదానికి బహుమతి, తరవాత అన్నిటినీ ముక్కలు కోసి అమ్మడం, ఆ డబ్బుతో చెవి మిషను. ఒక్క కేకు మిగిలిపోయినా డబ్బు చాలదని హెడ్మిస్ట్రెస్ విజయభారతిగారు ముందే చెప్పారట.

సింధూర తరగతిలో ఎవరింట్లోనూ ఓవెన్ లేదు. మా ఇంట్లోనూ లేదు. అయినా సింధూర నేను చేస్తానని బడిలో చెయ్యెత్తి వచ్చింది.

"కుక్కర్లో ఇసుక పోసి చెయ్యొచ్చమ్మా," అంది.

"నా కొత్త కుక్కర్లో ఇసుకా? చంపేస్తాను!" అంది పద్మజ.

అలా నేను అటక దిగాను. ఒళ్లు తోమారు, బాగానే ఉంది. తరవాత రబ్బరు తీసేశారు, నెత్తిమీది బరువు తీసేశారు. అంటే నా నోరు తీసేశారన్నమాట. కడిగి ఎండబెట్టిన ఇసుక అడుగున పోసి, దానిమీద కేకు పిండి గిన్నె పెట్టి, మూత ఊరికే బోర్లించారు. నూరీ పక్కనే నిలబడి అంతా చూస్తోంది. సింధూర నీళ్ల చెంబు చూపించి, వేలు అడ్డంగా ఊపింది. నీళ్లు పడకూడదని పిల్లకి అర్థమైంది.

సింధూర పేపరు ప్లేట్లు కొనడానికి కొట్టుకెళ్లింది. ఎప్పుడూ అల్లరి చేసే నేను బుద్ధిగా కూచుని, నెమ్మదిగా కేకుని పొంగిస్తున్నాను. బాగానే వస్తోంది కూడా.

అంతలో పూజ ముగించుకుని వరహాలమ్మగారు వచ్చారు.

"ఇదేంటే, ఇంతసేపైనా విజిల్ రాలేదు? అయ్యో అయ్యో, బరువే పెట్టలేదు! నీళ్లు కూడా పొయ్యలేదేమో, మాడి పోద్ది!"

మూత ఎత్తారు. వేడికి కళ్లజోడు మసకేసింది. చెంబు అందుకుని ఒక పక్కనుంచి నీళ్లు ఒంపారు. ఇసుక చుయ్యిమని ఆవిరి కక్కింది. ఆపమని అరుద్దామంటే నాకు నోరేదీ? అరిచింది నూరీ. మాట కాదు, వట్టి అరుపు. ఆవిడ చేతికి రెండు చేతులతో వేలాడిపోయింది. మిగతా నీళ్లు నేలపాలయ్యాయి. చెవులున్న పెద్దావిడ నా మౌనానికి మోసపోయింది, ఆ మౌనంలోనే పెరిగిన పిల్ల మోసపోలేదు.

సింధూర వచ్చి చూసి ఏడ్చింది. కేకు ఒక పక్క ఎర్రగా పొంగింది, నీళ్లు పడ్డ పక్క తెల్లగా అణిగిపోయింది.

"నా బుద్ధి గడ్డి తిన్నాదే తల్లీ," అని వరహాలమ్మగారూ కళ్లొత్తుకున్నారు.

పెట్టడానికి వేరే డబ్బా లేక, కేకుని నాలోనే పెట్టి బడికి మోసుకెళ్లారు. బల్లమీద క్రీము పూల కేకుల మధ్య నన్ను చూసి, "పప్పు తెచ్చావేంటే?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తీర్పు చెప్పడానికి వచ్చింది బజారులో బేకరీ నడిపే సత్తిబాబుగారు. ఎర్ర పక్క ఒక ముక్క, తెల్ల పక్క ఒక ముక్క తిన్నారు. ఇంకోసారి తెల్ల పక్కే తిన్నారు.

"ఇటేమో కేకు, అటేమో ఆవిరి కుడుము. దీనికి బహుమతి ఎలా ఇమ్మంటావమ్మా?" అన్నారు. సింధూర మొహం చిన్నబోయింది. "ఇవ్వలేను గానీ, ఆ కుడుము పక్కది నాకు రెండు ముక్కలు కట్టు. మా అమ్మగారికి పళ్లు లేవు. ఇలాంటిది పెట్టి ఎన్నాళ్లయిందో!"

జేబులోంచి డబ్బు తీశారు. అంతే, జనం మా బల్ల మీద పడ్డారు. కేకంటే ఇష్టమైనవాళ్లు ఇటు, కుడుమంటే ఇష్టమైనవాళ్లు అటు. బహుమతి క్రీము పూలకే పోయింది, పోనివ్వండి. నాలో మాత్రం ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు.

నూరీకి మిషను పెట్టించుకొచ్చిన రోజు వరహాలమ్మగారు స్టీలు కుక్కర్‌ని పక్కకు నెట్టారు. "దాని గొంతు ఏపాటిది? దీన్ని పెట్టండి," అని నాకు రబ్బరు తొడిగి, కందిపప్పు పోసి, బరువు పెట్టారు. అందరూ వంటింట్లో చేరారు. నూరీ అలవాటుగా గట్టు మీద చెయ్యి ఆనించి నాకేసి చూస్తూ నిలబడింది. నాకు భయమేసింది. గట్టిగా వేస్తే జడుసుకుంటుందేమో, మెల్లగా వేయడం నాకు చేతకాదు.

వేశాను. పిల్ల ఉలిక్కిపడింది. వెనక్కి పరిగెత్తి మెహరున్నీసాని కరుచుకుని మొహం దాచుకుంది. కాసేపటికి ఒక కన్ను బయటపెట్టి నన్ను చూసి, ఒక వేలు ఎత్తింది.

తరవాత చేసిన పని నేను అనుకోనిది. గట్టు దగ్గరకి రాలేదు. నాకు వీపు తిప్పి, గోడకేసి మొహం పెట్టి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

రెండోసారి వేశాను. నన్ను చూడకుండానే రెండో వేలు ఎత్తింది.

మెహరున్నీసా నేలమీద కూలబడి ఏడ్చింది. స్టవ్వు ఆపాలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు, నేనూ ఆగలేదు. ఒక చేతి వేళ్లు అయిపోతే పిల్ల రెండో చెయ్యి ఎత్తింది. ఆ రోజు పప్పు ముద్దయిపోయింది, అందరూ అదే తిన్నారు.