తగ్గించిన నిమిషాలు

ఈ ఏడాది మా ఊరి పరుగు పందెం మొదలయ్యే గీత మా వంటింట్లోంచి పోతోంది.

తెల్లవారగానే డ్రిల్లు మాస్టారు కూర్మారావు గారు సున్నం బకెట్టూ పురికొసా పట్టుకుని వస్తారు. కొసను కిటికీ ఊచకు కట్టి, పొయ్యి గట్టు పక్కగా లాగి, బియ్యం డబ్బా దాకా గీత గీస్తారు. నేను టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి చూస్తాను.

"పొయ్యి జరపమంటారా మాస్టారూ?"

"అక్కర్లేదు సింహాద్రీ. గీతకి ఇవతలున్నోళ్ళు పరిగెట్టాలి. అవతలున్నోళ్ళు వంట చేసుకోవచ్చు."

అవతల ఎవరూ లేరు. వరహాలు పోయిన దగ్గర్నుంచి నేను అటువైపు అడుగు పెట్టలేదు. చేతిలో ఉన్న టీ కూడా సందు చివరి కొట్లోదే.

వరహాలు నా భార్య, మా మేనమామ కూతురు. నేను వరాలు అని పిలిచేవాణ్ణి. ఆమె మంచాన పడిన ఏడు నేను పందేనికి పోలేదు. ఆమె పోయిన ఏడూ పోలేదు. అంతకుముందు, జూట్ మిల్లులో చేరిన నాటినుంచీ ఏటా పరిగెత్తేవాణ్ణి. ఎప్పుడూ మధ్యలో వచ్చేవాణ్ణి. ముందొచ్చినవాళ్ళకి కప్పు, ఆఖర్న వచ్చినవాళ్ళకి చప్పట్లు, నాకు అరటిపండు. ఆ పండు ఇంటికి తెస్తే వరహాలు సగం తుంచుకుని, "నేనూ పరిగెట్టినట్టే" అనేది.

పరుగుపందెంవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. చెప్పులు గుమ్మంలో విడిచి, కాళ్ళు కడుక్కుని, వంటింట్లోకి వచ్చి నిలబడుతున్నారు. గోడలు కాస్త వెనక్కి జరిగి వాళ్ళకి చోటిస్తున్నాయి. మిల్లులో నా పక్క మగ్గం మీద పనిచేసే దాలినాయుడు ఒక కాలు రుబ్బురోలు మీద పెట్టి తయారుగా ఉన్నాడు.

మాస్టారు గొంతు సవరించుకుంటారు. "ఈసారి కప్పులు లేవు. మీ పాత టైములో ఎంత తగ్గిస్తే అంతా మీకే ఇచ్చేస్తాం. మీకు ఏ రోజుకి కావాలంటే ఆ రోజుకి వాడుకోండి."

ఎవరూ ఆశ్చర్యపోరు. ఒకాయన మాత్రం, పెళ్ళి రోజుకి కూడా పనికొస్తాయా అని అడుగుతాడు. పనికొస్తాయి కానీ పిల్ల మారదు అంటారు మాస్టారు.

"నువ్వే రోజుకి వాడతావు బావా?" దాలినాయుడు మెల్లగా అడుగుతాడు.

"వరాలు పోయిన రోజుకి. నువ్వు?"

"మా అయ్య ఎడ్లు అమ్మీసిన రోజుకి. ఆటి మొకాలు సరిగ్గా సూడనేదు."

వరహాలు పోయిన రోజు నేను మందులు తేవడానికి ఆసుపత్రి నుంచి బయటికి వెళ్ళాను. తిరిగొస్తుంటే రైలు గేటు పడింది. గూడ్సు బండి. అది పోయాక పరిగెత్తుకుంటూ వార్డులోకి వెళితే వరహాలు మొహం మీద దుప్పటి కప్పి ఉంది. "ఇప్పుడేనండీ. ఏ బాధా లేకుండా పోయారు" అంది నర్సమ్మ. ఆ ముక్క ఒక్కటీ పట్టుకుని ఇన్నాళ్ళూ బతుకుతున్నాను. కాస్త ముందు చేరి ఉంటే ఆమె ఏమనేదో వినేవాణ్ణి. నాకు కావలసింది అదొక్కటే.

విజిల్ మోగుతుంది. తోసుకోకుండా, చావు ఇంట్లోంచి బయటికొచ్చినట్టు తలలు వంచుకుని, ఒకరి వెనక ఒకరం గడప దాటుతాం. గడప దాటాక పరుగు.

రోడ్డు ఆసుపత్రి వైపు వాలి ఉంది. మిల్లు గోడ మాతోపాటు కొంత దూరం పరిగెత్తి, ఆయాసపడి ఆగిపోతుంది. అరుగుల మీద జనం కూర్చుని ఉన్నారు. వాళ్ళు చప్పట్లు కొడుతున్నారు కానీ చప్పుడు మేం దాటిపోయాక వస్తోంది. వంతెన దగ్గర చంపావతి నది ఒడ్డెక్కి, పక్కకి తప్పుకుని నిలబడింది. దాని అడుగున బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళు తలెత్తరు.

ఇంత వేగంగా నేనెప్పుడూ పరిగెత్తలేదు. నా ఊపిరి నాకన్నా ముందు పోతోంది. దాని వీపు కనిపిస్తోంది, సన్నగా, చొక్కా లేకుండా. నేను దాని వెంట పడుతున్నాను. గుండెలో ఎవరో కుర్చీలు జరుపుతున్నారు.

రైలు గేటు పడి ఉంది. అదే గూడ్సు బండి వెళుతోంది.

"ఎప్పుడు పోతుంది?" గేటుమన్ను అడుగుతాను.

"ఆ రోజునుంచీ పోతానే ఉంది. దీనికి ఆకరి పెట్టంటూ నేదు బాబూ."

ఆ రోజు నిలబడ్డాను. ఈసారి నిలబడను. గేటు కింద దూరి, తలుపులు తెరిచి ఉన్న వ్యాగను ఒకటి ఎదురుగా రాగానే ఎక్కేస్తాను. దాలినాయుడు నా వెనకే ఎక్కుతాడు. లోపల గడ్డి వాసన. వ్యాగను వెడల్పు నడిచేకొద్దీ పెరుగుతోంది. అవతలి తలుపు ఇంకా చాలా దూరంగా ఉంది. మధ్యలో రెండు తెల్ల ఎడ్లు కట్టేసి ఉన్నాయి.

దాలినాయుడు ఆగిపోతాడు. ఒకదాని గంగడోలు కింద చెయ్యి పెట్టి, మరోదాని మొహంలోకి చూస్తూ అక్కడే కూలబడతాడు.

"నీ టైము పోతాది, లేవయ్యా."

"ఇంకెందుకు బావా టైము? నువ్వెల్లు. నీకు దూరం ఉంది."

వెళతాను. అవతలి తలుపులోంచి దూకేసరికి నా పాదాల కింద ఆసుపత్రి నాపరాళ్ళు. నడవా పొడవు సాగుతోంది, నేను దానికన్నా వేగంగా పోతున్నాను. పందెం ముగిసే గీత ఆడవాళ్ళ వార్డులో, కిటికీ పక్క మంచం ముందు ఉంది. మాస్టారు అక్కడ గడియారం పట్టుకుని ముందే నిలబడి ఉన్నారు. గీత తొక్కి పడబోతాను. ఆయన భుజం పడతారు.

"ఇన్నేళ్ళలో నీకిదే మంచి టైము సింహాద్రీ. పదకొండు నిమిషాలు తగ్గించేవు."

ఒక స్టీలు డబ్బా నా చేతిలో పెడతారు. వేడిగా ఉంది, ఆవిరికి మూత కదులుతోంది. "మూత తీస్తే మొదలైపోతాయి. మిగుల్చుకుందామంటే పాడైపోతాయి" అని చెప్పి, చెప్పులు లేని కాళ్ళతో చప్పుడు లేకుండా వెళ్ళిపోతారు.

మంచం మీద దుప్పటి మొహం దాకా ఉంది. మూత తీస్తాను.

వరహాలు దుప్పటి తనే తోసుకుంటుంది.

"ఏటి మావా, ఇలగ సెమటోడుతున్నావు? ఎవలితోనైనా దెబ్బలాడేవా?"

"పరిగెట్టేను."

"ఈ వయసులోనా? సెప్పుల్లేకుండానా?" నా పాదాలు చూసి ముక్కు విరుస్తుంది. "తిన్నావా?"

"తిన్నాను."

"అబద్దం. నీకు వంటొచ్చా? నా తల దువ్వు. ఎవలైనా వస్తే బాగోదు."

దువ్వుతాను. జుట్టు ఎంత దువ్వినా చివర రావడం లేదు, మంచం దిగి నేల మీదికి పోతోంది. డబ్బాలో నిమిషాలు చిన్నగా చిటచిటమంటున్నాయి. మిల్లులో మగ్గాలు మార్చారని చెబుతాను. పక్కింటివాళ్ళ మేక ఈనిందని చెబుతాను. ఆమె ఊఁ కొడుతుంది. ఇలాగే గడిచిపోతుందేమోనని భయపడి, అడగడానికి వచ్చిన మాట అడిగేస్తాను.

"ఆ రోజు నన్ను పిలిచేవా వరాలూ?"

"పిలిసేను."

"గట్టిగా?"

"గట్టిగా ఎలగ పిలుస్తాను? పక్క మంచం అప్ప నిద్దరోతంది కదా."

పక్క మంచం మీద ఒక ముసలామె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

వరహాలు చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంటుంది. "కిటికీ తెరువు మావా."

"తెరిచే ఉంది."

"మరి గాలేది?"

ఆమె మెడ నరాలు లేచి నిలబడ్డాయి. నోరు తెరిచి గాలి వెతుక్కుంటోంది. కళ్ళు నా మొహం మీదినుంచి పైకప్పు మీదికి, మళ్ళీ నా మొహం మీదికి పోతున్నాయి. "బయ్యవేస్తంది మావా. ఎటూ ఎల్లను. ఇక్కడే ఉంటానని సెప్పు. ఆళ్ళకి సెప్పు." ఎవరికి చెప్పాలో నాకు తెలియదు. నర్సమ్మ ఆ రోజు నాతో అన్న మాట వార్డు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. లోపలికి రావడం లేదు.

డబ్బా అడుగున ఇంకా రెండు మూడు నిమిషాలు ఉన్నాయి.

మూత పెట్టేస్తాను.

వరహాలు అక్కడే ఆగిపోతుంది. నోరు తెరిచి, నరాలు లేచి, కళ్ళు నా మీదే నిలిచి. పోలేదు. పీల్చబోయిన గాలి పెదాల దగ్గర ఆగి ఉంది. కిటికీలో కాకి కూడా రెక్క ఎత్తి ఆగింది. ఇలా అయితే ఆమె ఉంటుంది. రోజూ మిల్లు దిగాక వచ్చి, ఈ మంచం పక్కన కూర్చోవచ్చు. పండగలకి కొత్త చీర కప్పవచ్చు.

ఆ కళ్ళల్లోకి చూస్తూ కూర్చుంటాను. చాలాసేపు కూర్చుంటాను. భయం కూడా కదలకుండా అక్కడే ఉంది. ఆమె దాన్ని ఒక్కతే మోస్తోంది.

మూత తీస్తాను.

ఆమెను ఎత్తి నా గుండెకి ఆనించుకుంటాను. ఆమె పళ్ళు నా భుజంలో దిగుతాయి. "ఇక్కడే ఉన్నాను" అంటాను, "ఇక్కడే ఉన్నాను వరాలూ, ఎక్కడికీ ఎల్లలేదు" అంటాను, ఇంకేవేవో అంటాను. మిగిలిన వాటిలో ఆఖరిది చాలా చిన్నది. అది అయిపోయినట్టు నాకు వెంటనే తెలియలేదు. భుజం మీద పళ్ళు వదులైనప్పుడు తెలిసింది.

పడుకోబెట్టి, దుప్పటి కప్పుతాను. బాధ లేకుండా పోయిందన్న మాట ఇక నా దగ్గర లేదు.

అప్పుడు పక్క మంచం ముసలామె లేస్తుంది. చీర మోకాళ్ళ పైకి ఎగగట్టి, కిందికి దిగి, వరహాలు మీది దుప్పటి రెండు చేతులతో తీసేస్తుంది. దాని కింద నీళ్ళు. మంచం అంతా చీలమండ లోతు బురద నీళ్ళు, దమ్ము చేసిన మడిలా చదునుగా, మబ్బు రంగులో ఉన్నాయి. ఒక కొంగ మంచం కోడు మీదినుంచి దిగి అందులో నిలబడుతుంది.

మిగతా మంచాల మీది ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వస్తారు. చంకల్లో నారుకట్టలు. మంచం పట్టెలు గట్లలా విడిపోయి, నీళ్ళు వార్డంతా పరుచుకుంటాయి. వాళ్ళు వరసగా వంగి, నారు నాటుతూ వెనక్కి వెనక్కి నడుస్తారు. ఎవరూ పాడరు. వార్డుకి అవతలి గోడ కనిపించడం లేదు.

ముసలామె నా చేతిలో ఒక కట్ట పెడుతుంది. "నాటు బాబూ. మబ్బట్టింది."

ఒక మొక్క విడదీసి, వరహాలు పడుకున్న చోట బొటనవేలితో బురదలోకి దింపుతాను. లోపల వెచ్చగా ఉంది. అడుగున ఏదో నా వేలు పట్టుకుంటుంది. పట్టుకుని, చంటిబిడ్డలా మెల్లగా చప్పరించడం మొదలుపెడుతుంది.