కాలిలో చప్పుడు

ఆ పూత ఎన్నాళ్లు ఆగుతుందో మీకే తెలియదు. తెలియకుండానే మనుషుల ఎముకల్లో ఆ స్క్రూలు బిగించారు. స్క్రూ చేసిన కంపెనీ, కొత్త వైద్యమని పిలిచిన పెద్ద డాక్టరు, సరేనని సంతకం పెట్టిన కమిటీ, మీరంతా వినండి. సాయన్న ఎట్లా పోయాడో వినండి.

ఆ పొద్దున ఆర్మూరులో, సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం ముందు, సాయన్న పసుపు రాశి పక్కన గోనెసంచి మీద కూర్చుని కొమ్ములు విరుస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా అదే పని. కొమ్మును చెవి దగ్గర పెట్టి విరుస్తాడు. టక్కుమంటే ఎండినట్టు. మెత్తగా వంగితే పచ్చి, మళ్లీ ఎండకెయ్యాలి. బాల్కొండ రైతయినా మోర్తాడ్ రైతయినా ఆ చెవికి ఎదురు చెప్పడు. పొట్టి మనిషి. గోళ్ల కింద, కనుబొమల్లో, చొక్కా కుట్లలో పసుపే. ఎడమ కాలు మాత్రం చాపి పెట్టాడు. చీలమండ నున్నగా ఉబ్బి మెరుస్తోంది.

నలభై రోజుల కింద బస్తాల వరస జారి మీద పడితే ఆ ఎముక విరిగింది. హైదరాబాదు దవాఖానలో స్క్రూ వేశారు. ఉక్కుది కాదు. ఎముక అతుక్కున్నాక దానంతటదే కరిగిపోయే లోహం. తొందరపడి కరగకుండా పైన ఒక పూత. ఆ పూత పగిలితే లోహం గబగబా కరుగుతుంది, మాంసంలో గాలి నిండుతుంది, చీము పడుతుంది. ఈ సంగతి సాయన్నకు ఎవడూ చెప్పలేదు.

వారం కింద వాపును వేలితో నొక్కితే లోపల చిటపటమంది. సాయన్న మొహం విప్పారింది.

"ఏమే, ఇనబడ్తుందా? ఎముక ఎండింది. పచ్చిదైతే గిట్ల మోగదు."

ఎంకవ్వ మొగుడి మాట నమ్మింది. ఊరంతా నమ్మే చెవి కదా! కానీ మూడు రోజులుగా జ్వరం దిగడం లేదు. ఇవాళ ఆమె సంచిలో బట్టలు కుక్కుకుని నేరుగా అడ్తికే వచ్చింది.

"లెవ్వు. దవాఖానకు పోదాం. కాలు నిప్పులెక్క కాల్తుంది."

"ఎండిన ఎముకకు దవాఖాన ఎందుకే? గీ రాశి చూసినంక మాట్లాడుదాం."

హమాలీ వాహబ్ బస్తా దించి నవ్వాడు. "నీ కాలేమన్న పసుపు కొమ్మా సాయన్నా? వదినె చెప్పినట్టు జర ఇను."

"నువ్వు మొయ్యి. చెవి నాది."

అన్నాడే గాని, తర్వాతి కొమ్ము విరిచి అట్లాగే ఆగిపోయాడు. ఇంకొకటి విరిచాడు.

"ఏం ఇనబడ్తలేదు వాహబ్."

వాహబ్ నవ్వు ఆగిపోయింది. సాయన్నను వీపున వేసుకుని పక్క సందులోని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. డాక్టరు కాలు చూసి, నాడి చూసి, నెత్తురంతా విషమెక్కిందన్నాడు. ఒక సూది వేసి, ఈ స్క్రూ సంగతి తనకు తెలియదు, వేసినవాళ్ల దగ్గరికే తీసుకుపొమ్మన్నాడు.

హైదరాబాదు బస్సుకు ఇంకా అరగంట ఉంది. బస్టాండు బెంచీ మీద పడుకోబెట్టారు. ఎంకవ్వ కొంగు తడిపి నుదుటి మీద వేసింది. "బస్సొచ్చిందా?" అని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగలేదు. బస్సు వచ్చింది. కండక్టరు పిలిచాడు. ఎంకవ్వ లేవలేదు.

సాయన్న జేబులో దవాఖానవాళ్లిచ్చిన నాలుగు మడతల కాగితం దొరికింది. అంతా ఇంగ్లీషు. ఊరి బడిలో టీచరమ్మ కరుణశ్రీ చదివి తెలుగులో చెప్పింది: పూత ఎంతకాలం నిలిచేదీ ఇంకా పరీక్షిస్తున్నాం. చర్మం కింద చిటపటమంటే అదే రోజు రావాలి. ఈ పరీక్షలో పన్నెండు మంది. సాయన్న ఏడోవాడు.

అంటే పూత పగలొచ్చని మీకు తెలుసు! మిగతా పదకొండు మంది ఎక్కడ? ఇవాళే పిలవండి. ఎక్స్‌రేలు తీయండి. పూత పగిలిన స్క్రూలు బయటికి తీయండి. పూత మీద చేసిన పరీక్షలన్నీ తెలుగులో బయటపెట్టండి. అప్పటిదాకా ఇంకో మనిషికి ఒక్క స్క్రూ బిగించొద్దు.

కాగితం ఎంకవ్వ దగ్గరే ఉంది. చదవని ఆ ఇంగ్లీషు వరసల కింద, నీలం సిరాలో, సాయన్న వేలిముద్ర.