మెడ దగ్గరి గుండీ

చంద్రయ్య మెడ దాకా గుండీలు పెట్టుకునే మనిషి కాదు. బుద్ధెరిగినప్పటి నుంచి మగ్గం గుంటలో బనీనుతోనే కూర్చున్నాడు. ఊరికి పోతే అంగీ తొడిగేవాడు గానీ పై గుండీ జోలికి పోయేవాడు కాదు. అలాంటి మనిషికి నల్లగొండ ఫంక్షన్ హాల్లో కొడుకు దయాకరే కాలరు బిగించాడు. ఆ రోజు దయాకర్ పూలుపండ్లు, అంటే నిశ్చితార్థం. పిల్ల తరఫు వాళ్లకు హుజూర్‌నగర్‌లో పెద్ద బట్టల దుకాణం. వాళ్ల ముందు తండ్రి లోపలి బనీను కనపడొద్దట దొరగారికి.

"గొంతు పట్టేస్తాంది బిడ్డా," అన్నాడు చంద్రయ్య.

"జర ఓర్సుకో బాపూ. ఫోటోలు అయిపోంగనే తీసేద్దాం."

ఫోటోగ్రాఫర్ ఇటు చూడమన్నాడు. చంద్రయ్య మెడ తిప్పాడో లేదో, మొహం తెల్లగా పాలిపోయి కూలబడ్డాడు. చేతులు కాస్త కొట్టుకున్నాయి. వెనక వరసలో ఎవరో "ఫిట్స్ ఉన్నట్టున్నయి" అన్నారు.

దయాకర్ గుండె జారిపోయింది. ఫిట్స్ ఉన్న ఇంటికి పిల్లనెవరిస్తారు? నేల మీద పడి ఉంటే పరువు పోతుందని తండ్రిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. వాలిపోతున్న తలను పట్టుకుని, కాబోయే మామ రఘుపతికి అందరూ వినేలా చెప్పాడు.

"ఏం ఫికర్ లేదు మామా. పొద్దుగాల కల్లు జర ఎక్కువైంది. మా బాపుకు అలవాటే."

రఘుపతి తేలిగ్గా నవ్వేశాడు. కల్లు తాగితే ఇక్కడ తప్పు పట్టేదెవరు?

తల్లి ఆండాళు మాత్రం నవ్వలేదు. పదో తరగతిలో దయాకర్ "నువ్వు తాగొస్తే దోస్తులు నవ్వుతున్రు" అని ఏడిస్తే, చంద్రయ్య ఎల్లమ్మ ముందు ఒట్టేసి కల్లు మానేశాడు. మళ్లీ ముట్టలేదు. ఆ సంగతి దయాకర్‌కు అందరికంటే బాగా తెలుసు. ఆండాళు వచ్చి గుండీ తీసి, మొగుణ్ని కిందికి దించి పడుకోబెట్టింది. కాసేపటికే చంద్రయ్య తేరుకున్నాడు. కానీ వంచిన తల ఎత్తలేదు.

మర్నాడు దవాఖానలో డాక్టర్ స్నేహలత అతని ఛాతికి తీగలు అంటించి, మెడ పక్కన వేలితో మెల్లగా నొక్కింది. తెర మీద ఎగిరెగిరి పడుతున్న గీత ఒక్కసారిగా చదునైంది. వేలు తీయగానే మళ్లీ లేచింది.

"ఇది ఫిట్స్ కాదు," అంది. "మెడల రక్తనాళం రెండుగ చీలే కాడ ఒక కావలి ఉంటది. అక్కడ నొక్కు పడితే, రక్తపు ఒత్తిడి పెరిగిందనుకొని మెదడుకు కబురు పంపుతది. మెదడు నుంచి గుండెకు వేగస్ అనే నరం ఉన్నది. అది గుండెకు కళ్లెం. జోరుగ గుంజితే గుండె జరసేపు ఆగుతది, రక్తనాళాలు వదులైతయి. తలకు నెత్తురందక మనిషి పడిపోతడు. పడ్డంక పండబెట్టిన్రా?"

"కుర్చీల కూసోబెట్టిన," అన్నాడు దయాకర్.

"గట్ల చెయ్యొద్దు. పండబెడితేనే నెత్తురు తలకు ఎక్కుతది. కాలరు గంత బిగ్గ ఎవరు పెట్టిన్రు?"

"నేనే పెట్టుకున్న మేడం," అన్నాడు చంద్రయ్య టక్కున.

దయాకర్ సిగ్గుతో చచ్చిపోయాడు.

"పడేముందు ఏమైంది పెద్దాయనా?"

"కండ్లకు చీకట్లొచ్చినయి."

"చూపు ముందు పోతది. చెవులు చాలామందికి ఆఖరుకు పోతయి, అన్నిటికంటే ముందు తెరుసుకుంటయి."

దయాకర్ తండ్రి వైపు చూడలేకపోయాడు.

బయట వరండాలో రఘుపతి పండ్ల సంచితో ఎదురొచ్చాడు. "ఏం బావా, మత్తు దిగిందా?" అని నవ్వాడు.

"దిగింది బావా. నిన్న జర ఎక్కువైంది," అని తల గోక్కున్నాడు చంద్రయ్య.

నిన్న కుర్చీలో తను చెప్పిన అబద్ధం బాపు విన్నాడన్నమాట. అంతా విని కడుపులో దాచుకున్నాడు. పైగా కొడుకు అబద్ధాన్ని ఇప్పుడు తన నెత్తిన పెట్టుకుంటున్నాడు. భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది దయాకర్‌కు. సంబంధం పోతే పోనీ అనుకున్నాడు.

"మామా, మా బాపు తాగలే. కల్లు మాని ఏండ్లయింది. ఫిట్స్ అనుకొని మీరు పిల్లనియ్యరని నేనే అబద్ధం చెప్పిన. ఆ గుండీ సుత నేనే బిగించిన."

రఘుపతి నవ్వు ఆగిపోయింది. చంద్రయ్య "ఊకో బిడ్డా, ఊకో" అంటూనే ఉన్నాడు. కానీ నిన్నటి నుంచి వంచిన తల అప్పుడే పైకెత్తాడు.