చింపేసిన అధ్యాయం

ఐదు పుస్తకాల్లోనూ ఆఖరి అధ్యాయాన్ని ఎవరో చింపేశారని శనివారం ఉదయం బీరువా తెరవగానే ఉష కనిపెట్టింది.

ఐదూ ఒకే జపాన్ నవల ప్రతులు. తనెవరో, తనవాళ్లెవరో తెలియక టోక్యోలో తిరిగే ఓ కుర్రాడి కథ. అమెరికాలో, మోరిస్‌విల్‌లోని ఆమె ఇంట్లో నలుగురు కుర్రాళ్లు చేరి, వారానికో అధ్యాయం పైకి చదువుతున్నారు. ముగింపు ముందే ఎవరూ చూడకూడదని పుస్తకాలు బీరువాలోనే ఉంచి తాళం వేస్తారు. నవల పూర్తయితే ఈ బుక్ క్లబ్ కూడా ఆపేస్తానని ఆమె పోయిన వారమే చెప్పింది.

"మర్డర్ మిస్టరీ, ఆంటీ!" అన్నాడు ఇక్కడే పుట్టిన ఈషాన్. "అక్షయ్ బ్రో చేశాడు. చూడండి, నవ్వట్లేదు."

అందరూ నవ్వారు. ఎమ్మెస్ చదువుతున్న అక్షయ్ తల ఎత్తలేదు. అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసేదీ, అందరూ వెళ్లాక పుస్తకాలు సర్దేదీ అతనే. అది గుర్తొచ్చి ఉష నవ్వు ఆగిపోయింది.

"నువ్వేనా నాన్నా?"

అతను బ్యాగ్‌లోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనే ఆంటీ. పోయిన వారం మీరు లోపల గిన్నెలు కడుగుతుంటే చింపేశాను. బుక్ అయిపోతే ఇంక ఇక్కడికి రావడానికి లేదు కదా. వారం మొత్తంలో 'వచ్చావా, కూర్చో' అనేది మీరొక్కరే. సారీ ఆంటీ, చాలా తప్పు చేశాను. రూమ్‌కెళ్లి చదువుదామని తీశాను కూడా. ఒక్కడినే చదవబుద్ధి కాలేదు."