మాడిన రాగుల చరిత్ర

మునిలక్ష్మి నలభై ఏళ్లుగా రాగులు వేయిస్తోంది. ఆమె చేతిలో ఒక్క గింజ కూడా మాడలేదని రామకుప్పమంతా చెప్పుకుంటుంది. ఆ మాట మింగుడుపడనిది తోడికోడలు రామాంజినమ్మకు ఒక్కదానికే.

ఊరి కుర్రాడు చంద్రశేఖర్ కుప్పంలో రేకుల షెడ్డు వేసి రాగులతో బీరు కాచడం మొదలుపెట్టినప్పుడు, మొలకెత్తిన రాగులు వేయించే పని మునిలక్ష్మికి అప్పజెప్పాడు. రెండేళ్లు ఆ బీరు పుంగనూరు దాటలేదు. తాగినవాళ్లెవరూ రెండో గ్లాసు అడగలేదు.

ఒకరోజు ఏనుగులు చేలో పడ్డాయని మునిలక్ష్మి డబ్బా కొడుతూ పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి బాణలిలో రాగులు బొగ్గు రంగుకు తిరిగాయి. బయట కంపెనీ బండి హారన్ కొడుతోంది. నోరు మూసుకుని మూట కట్టి పంపేసింది.

ఆ రాగుల బీరు మదనపల్లెను ముంచేసి, బెంగళూరు దాటి, సింగపూరు మీదుగా జర్మనీ చేరింది. షెడ్డు ఫ్యాక్టరీ అయింది. అదే రుచి కావాలని చంద్రశేఖర్ పట్టుబట్టాడు. "అది మా ఇంటి రహస్యమప్పా" అని మునిలక్ష్మి పొలం దగ్గర కొట్టంలో తలుపేసుకుని పదేళ్లుగా మాడుస్తూనే ఉంది.

ఇప్పుడు కంపెనీవాళ్లు తమ చరిత్రను వీడియో తీస్తామని కెమెరాలతో ఊళ్లో దిగారు. జర్మనీ నుంచి పెద్ద వ్యాపారి కూడా వచ్చాడు. అతనికి రుచి నచ్చకపోతే పని మెషీన్లకు పోతుంది, రాగులు మొలకెత్తించే ఇరవై మంది ఆడవాళ్లు ఇంట్లో కూర్చోవాలి. కానీ ఈసారి తలుపేసుకునే వీల్లేదు, ఊరంతా చూస్తోంది, ముందు వరసలో రామాంజినమ్మ.

పరువు అడ్డొచ్చి మునిలక్ష్మి ముచ్చటగా, దోరగా వేయించింది. వ్యాపారి నాలుగు గింజలు నమిలి తల అడ్డంగా ఊపాడు.

"ఇది కాదంటాండాడమ్మా," అన్నాడు చంద్రశేఖర్ నీరసంగా.

మునిలక్ష్మి ఆ ఇరవై మంది వైపు చూసింది. కొత్త రాగులు బాణలిలో పోసి, పొయ్యిలోకి ఇంకో రెండు కట్టెలు తోసి, చేతులు కట్టుకుని కూర్చుంది. పొగ లేచింది.

"మాడుతాండాది సూడు," అంది రామాంజినమ్మ ఆనందం పట్టలేక.

"మాడనీ. పదేండ్లుగా మాడుస్తానే ఉండా."

సిగ్గుతో మునిలక్ష్మికి చచ్చినంత పనైంది. వ్యాపారి మాత్రం నమిలి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

పని నిలిచింది, పరువు పోయింది. మూడు నెలలు మునిలక్ష్మి కనబడినచోటల్లా రామాంజినమ్మ మాడు వాసనంటూ ముక్కు మూసుకుంది. ఒక ఉదయం, మాడిన సంగతి బీరు సీసా మీదకెక్కిందని విని, కొత్త లేబులున్న సీసా పట్టుకుని నవ్వుతూ వచ్చి, తన కోడలు సౌమ్య చేత చదివించింది.

"ఈ ఇంటి కోడళ్లందరూ మూడు వందల ఏళ్లుగా రాగులను ఇలాగే మాడుస్తున్నారు."

రామాంజినమ్మ నవ్వు ఆగిపోయింది. "అందరూనా? నేనెప్పుడు మాడిస్తి?"

"దేశాలన్నీ సదివేసినాయి, ఇంక యాడ సెప్పుకుంటావులే," అంది మునిలక్ష్మి పీట వాల్చుతూ. "కూర్చో, కాఫీ తాగి పో."