జార్ అడుగున రెండు గుక్కలు

"చుక్క ముట్టనివాడికి లివర్‌లో కొవ్వేంటండీ? పైగా పెరిగిందంటారేంటి?" జ్యూస్ కొట్టాయన డాక్టరమ్మ మీద విరుచుకుపడ్డాడు. స్నేహితులు మందు గ్లాసు చేతిలో పెట్టినా పక్కవాడికి అందించి లేచొచ్చేసే మనిషి. అలాంటివాడికా ఈ ఖర్మ!

తన ఒంటి గురించైతే అంత మండిపడేవాడు కాదు. అక్కకి షుగరు ముదిరింది. లివర్‌లో పేరుకున్న కొవ్వు ఏళ్ల తరబడి లోలోపలే పాడుచేసి, చివరికి దాన్ని రాయిలా గట్టిపరిచేసింది. లివర్ మార్చక తప్పదన్నారు. అమ్మ పోయాక తనని పెంచింది ఆ అక్కే. లివర్‌లో ముక్క నేనిస్తానని రెండో మాట లేకుండా ముందుకొచ్చాడు. రక్తం కలిసింది, అతని లివర్‌లోనూ ఉన్న కొవ్వు అడ్డం పడింది. తగ్గించుకు రమ్మని రెండు నెలల గడువిచ్చారు. అన్నం మానేశాడు, నూనె మానేశాడు, పొద్దున్నే చెమటలు కక్కుతూ నడిచాడు. తీరా ఇవాళ స్కాన్ తీస్తే ఇదీ సంగతి.

"ఏం తింటున్నారసలు?"

"ఏమీ తినట్లేదండీ! ఆకలేస్తే ఓ జ్యూస్ తాగుతున్నా. పంచదార కూడా వేసుకోను. పళ్లేగా!"

"రోజుకి ఎన్ని?"

లెక్కేముంది? గ్లాసు నింపాక జార్ అడుగున రెండు గుక్కలు మిగులుతాయి. కొట్టు పెట్టిన రోజు నుంచీ ఆ మిగిలింది అతని గొంతులోకే. చిన్నప్పుడు గ్లాసులో పాలు వదిలేస్తే అక్క వీపు విమానం మోత మోగించేది. పారబోయడం అతని చేతకాదు.

"పండు నమిలి తినండి, తాగకండి," అంది డాక్టరమ్మ. "ఆ తీపంతా లివర్ కొవ్వుగా మార్చేస్తుంది. ఆ కొవ్వు ఇనుముకి తుప్పులా లోపలి కణాల్ని తినేస్తుంది. ఇంకో రెండు నెలలు చూద్దాం."

"అక్క ఆగుతుందా?"

డాక్టరమ్మ తర్వాతి స్కాన్ తేదీ చీటీ మీద రాసిచ్చింది.

కొట్టులో స్టూలు మీద అక్క ఎదురుచూస్తోంది. కళ్లు పచ్చగా ఉన్నాయి. "ఏమన్నారురా?"

"ఏమంటారు, నా మొహం!" పళ్ల బుట్టని కాలితో తన్నాడు. "జార్‌లో మిగిలింది తాగడమే కొంప ముంచిందట. ఛీ, వెధవ బతుకు! ఇన్నాళ్లూ కడుపు మాడ్చుకున్నదంతా దండగ!"

అంతలో ఎవరో వచ్చి ద్రాక్ష జ్యూస్ అడిగారు. విసుగ్గానే మిక్సీ తిప్పి, గ్లాసు నింపి ఇచ్చాడు. నోట్లో గొణుగుడు ఆగనేలేదు, చెయ్యి మాత్రం జార్‌ని పెదాల దాకా తెచ్చేసింది.

అక్క బల్ల పట్టుకుని లేచింది. జార్ లాక్కుంది. ఏనాడూ మెతుకు పారెయ్యని మనిషి, ఆ రెండు గుక్కలూ కాలవలో ఒంపేసింది.

"అక్కా..."

"నోర్మూసుకుని పని చూసుకో," అంది, స్టూలు మిక్సీ పక్కకి జరుపుకుంటూ. "కొట్టు కట్టేసేదాకా ఇక్కడే కూర్చుంటా. రేపూ వస్తా."